ఏసమ్మ చెయ్యి

గోపాల్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే జనం ముందుగా తలుచుకునే మనిషి ఏసమ్మ. తాటిగుండం మాదిగవాడలో, రేకుల చర్చికి వెనకపక్క ఆమె ఇల్లు. మనిషి పొట్టి, బక్కపలచన. నలుగురిలో నిలబడితే కంటికి ఆనదు. చెయ్యి మాత్రం వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఉండేది. పొడుగాటి వేళ్లు, ఇరుకు అరచెయ్యి. బొటనవేలు లోపలికి మడిచి వేళ్లన్నీ దగ్గరికి చేర్చిందంటే చెయ్యంతా మొక్కజొన్న పొత్తంతే అయ్యేది.

ఆ చేతి సంగతి మొదట కనిపెట్టింది ఆమె తండ్రి జోగయ్య. ఊరి దొర గొడ్లను కాసేవాడు. ఏసమ్మ ఇంకా పరికిణీ కట్టే రోజుల్లో ఒక వానాకాలం దొడ్లో బర్రె ఒకటి పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది. దూడ ముందుకాలు ఒకటి లోపల మడతపడి ఉంది. జోగయ్య చెయ్యి మొద్దుది, లోపలికి పోవడం లేదు. ఆయన కూతురి వైపు చూసి, "బిడ్డా, ఆముదం రాసుకొని నువ్వు పెట్టు. నేను చెప్త, నువ్వు దేవులాడు" అన్నాడు. ఏసమ్మ భయపడలేదు. లోపల వెచ్చటి చీకట్లో చెయ్యికి ఏది తగిలితే అది నోటితో చెప్పుకుంటూ పోయింది. మోకాలు, గిట్ట, ముక్కు. గిట్టను అరచేతిలో కప్పి, లోపల గీసుకోకుండా మెల్లగా ముందుకు తిప్పింది. కాసేపటికి దుడ్డె నేలమీద పడి తుమ్మింది.

అప్పటి నుంచి ఎవరు పిలిచినా పోయేది. రెడ్ల ఇళ్లకు, బోయోళ్ల దొడ్లకు, కుర్మోళ్ల మందలకు. కూలి అడిగేది కాదు. చర్చిలో పాస్టరు దేవసహాయం ఒక ఆదివారం ఆమెను చూపించి, "దేవుడు మనిషికో తలాంతు ఇస్తడు. ఒకరికి గొంతు ఇస్తడు, ఒకరికి చదువు ఇస్తడు. మన ఏసమ్మకు చెయ్యిచ్చిండు. ఇచ్చింది దాసిపెట్టుకునేటందుకు కాదు, నలుగురికి పంచేటందుకు" అన్నాడు. ఆ మాట ఏసమ్మకు నచ్చింది. ఆ తర్వాత ఏ దొడ్లోకి పోయినా, చెయ్యి పెట్టే ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ చెయ్యి నీది" అనుకునేది. ఆ ఒక్క మాటే. అంతకంటే పెద్ద ప్రార్థన ఆమెకు రాదు.

భర్త కాంట్రాక్టు మేస్త్రి వెంట డ్యాము పనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు, మార్తమ్మ. ఉన్నదాంట్లో సాకి పెద్దదాన్ని చేసి పెబ్బేరు దగ్గరి ఊరికి ఇచ్చింది. అల్లుడు యోనా పెబ్బేరు సంతలో బేరగాళ్ల కోసం పశువులను తోలుకొచ్చే పని చేసేవాడు. తాగుడు లేని పిల్లవాడు. పెళ్లయిన రెండో ఏడు మార్తమ్మ కడుపుతో ఉంది. తొమ్మిదో నెల పడగానే కాన్పుకు తీసుకురావాలని అనుకున్నారు. ఏసమ్మ ఇల్లు అలికింది. పాత చీరలతో బొంత కుట్టింది.

ఎనభై నాలుగో సంవత్సరం, పల్లికాయ పీకే కాలం. చేన్లో ఉండగా పెబ్బేరు నుంచి మనిషి వచ్చాడు. మార్తమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయని, జర తొందరగా రమ్మంటున్నారని చెప్పాడు. ఏసమ్మ మట్టి చేతులతోనే బస్సెక్కింది. వనపర్తిలో దిగి ఇంకో బస్సు కోసం నిలబడింది. పెబ్బేరులో దిగి నడిచింది. ఇంటి ముందు జనం చూడగానే ఆమెకు అర్థమైంది. ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

బిడ్డ అడ్డం తిరిగిందని, బండి కట్టేలోపలే ప్రాణం పోయిందని ఆడవాళ్లు చెప్పారు. కడుపులో బిడ్డ కడుపులోనే ఉండిపోయింది.

స్నానం తనే చేయిస్తానంది ఏసమ్మ. తలకు పోసి, ఒళ్లు కడిగి, చివరికి కడుపు మీద చెయ్యి వేసింది. వేయకుండా ఉండాల్సిందేమో. చెయ్యికి మనసుతో పని లేదు, దాని పని అది చేసింది. తల కుడిపక్క డొక్క కింద ఉంది. వీపు పైకి ఉంది. చిన్న చెయ్యి ఒకటి కిందికి జారి ఉంది. ఇట్లాంటివి ఆమె బర్రెల్లో ఎన్ని సరిచేసిందో. ఇన్ని సంగతులు చెయ్యి చెప్పింది, ఏసమ్మ విన్నది. విన్నాక నీళ్ల చెంబు పక్కన పెట్టి, కూతురికి రవిక తొడిగింది.

ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. ఏడుపును బిగబట్టుకుందని అందరూ అనుకున్నారు. బిగబట్టుకోవడానికి లోపల ఏమన్నా ఉంటే కదా. తిమ్మిరెక్కిన కాలును గిచ్చితే తెలియనట్టు ఏమీ తెలియలేదు.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున వెంకటయ్య వచ్చి వాడ మొదట్లో నిలబడ్డాడు. ఊళ్లో నీళ్ల వసతి ఉన్న రైతు, ఆ మధ్యే ట్రాక్టరు కొన్నాడు. ఏసమ్మ ఇంటి వైపు చూస్తాడు, మళ్లీ తల తిప్పుకుంటాడు. పక్కింటి సత్తెమ్మ చూసి, "ఏందయ్యా, ఏసమ్మ కోసమా?" అని అడిగింది.

"అవును గాని, ఎట్ల పిలవాలె? బిడ్డ పోయిన ఇల్లు. మా బర్రె రాత్రి నుంచి పడిలేస్తుంది. నాకైతే నోరు వస్తలేదు."

ఏసమ్మ లోపలి నుంచి విన్నది. తోముతున్న గిన్నె తోమి బోర్లించి బయటికి వచ్చింది. "ఆముదం ఉన్నదా ఇంట్ల?" అని అడిగింది.

"ఉన్నది."

"పా."

దొడ్లో వెంకటయ్య భార్య హన్మమ్మ బర్రె తల పట్టుకుని ఉంది. ఏసమ్మ మోచేతి పైదాకా ఆముదం రాసుకుని కూర్చుంది. దూడ తల వెనక్కి వాలిపోయి ఉంది. దవడ కింద వేలు పెట్టి, బర్రె నొప్పి ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా తిప్పింది. చాలాసేపు పట్టింది. చివరికి తల దారికి వచ్చింది. దుడ్డె బతికే పుట్టింది. హన్మమ్మ కళ్లు తుడుచుకుంటూ, "నీ చెయ్యి సల్లగుండ ఏసమ్మా" అంది. ఏసమ్మ తల ఊపి, గాబు దగ్గర చెయ్యి కడుక్కుంది.

సగం దారిలో ఆమెకు తోచింది, ఈసారి ఆ మాట అనుకోలేదని. ప్రభువా, ఈ చెయ్యి నీది అనే మాట. మరిచిపోయింది. మరిచిపోయినందుకు భయం వేయాలి కదా అనుకుంది. భయం వేయలేదు. ఇంటికి పోయి జొన్నలు విసిరింది.

వాడలో మాటలు మొదలయ్యాయి. కడుపున పుట్టింది మట్టిలో కలిసి నెలన్నా కాకముందే బర్రెల కాన్పులకు తిరుగుతుంది, ఎంత రాతిగుండె అని. కొందరు ఎదురుగానే అన్నారు. వాళ్ల మాట అబద్ధం అని ఏసమ్మకు అనిపించలేదు. పిలిచినవాళ్ల వెంట పోయేది. ఎండల్లో పోయింది, వానల్లో పోయింది. ఆదివారం చర్చికి పోయి చాప మీద కూర్చునేది. అందరూ పాడుతుంటే పెదాలు కదిలించేది. పాట ఎప్పుడు అయిపోయిందో పక్కవాళ్లు కూర్చుంటే తెలిసేది.

రెండేళ్లకు వనపర్తిలో చర్చిలవాళ్లు సభలు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపుల నుంచి కూడా జనం వచ్చారు. పెద్ద షామియానా, మైకు. దేవసహాయం మనసులో ఏసమ్మ మీద గౌరవం చాలా ఉండేది. కష్టం వచ్చినా సేవ విడవని విశ్వాసి అని జనానికి చూపాలనుకున్నాడు. ముందుగా చెప్పకుండానే, "తాటిగుండం ఏసమ్మ వచ్చి సాక్ష్యం చెప్తది" అని మైకులో అన్నాడు. పక్కన ఉన్న ఆడవాళ్లు లేపితే లేచింది. మైకు ముందు నిలబడింది. కొంగు సర్దుకుంది.

"నా బిడ్డ సచ్చిపోయింది" అంది. "అయ్యగారు నన్ను జెప్పమన్నడు. నాకు జెప్పొస్తలేదు. బర్రె ఈనుతలేదని పిలుస్తరు. పోత. చెయ్యి పెడ్త. కొన్ని బతుకుతయి, కొన్ని సస్తయి. ముందుగాల సంతోషమయితుండె. ఇప్పుడు ఏం అయితలేదు. దేవుని మీద కోపం ఉన్నదా అని అడుగుతరు. కోపం సుత లేదు. చెయ్యి పోతుంది, దానెంట నేను పోతున్న. గంతే."

మైకు ఎవరికి ఇవ్వాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. స్తోత్రం చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా నోరు తెరవలేదు. పాట పాడేవాళ్లు తబలా సవరించుకుని ఎట్లాగో పాట ఎత్తుకున్నారు.

భోజనాల దగ్గర దేవసహాయం ఆమెను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్ను అట్ల నిలబెట్టాల్సింది కాదు ఏసమ్మా. తప్పయింది."

"తప్పేముందయ్యా. నాకు జెప్పొస్తే జెప్పుతుంటి."

"ప్రార్థన చేసుకుంటున్నవా?"

"లేదయ్యా. కూసుంటున్న, మాట వస్తలేదు."

దేవసహాయం ఏదో వాక్యం చెప్పబోయి ఆగిపోయాడు. విస్తరిలో అన్నం కలిపాడు, తినలేదు. "మాట రానప్పుడు ఏం చెయ్యాల్నో నాకు తెల్వదు" అన్నాడు చివరికి. "నీకు వచ్చేదాకా నీ పేరు జెప్పి నేను చేస్త. నువ్వు ఊకె కూసో." ఏసమ్మ సరే అంది. ఆ మాటకు ఊరట ఏమీ కలగలేదు గాని, ఆయన అన్నం చల్లారిపోతోందని గమనించి తినమని చెప్పింది.

యోనా మళ్లీ పెళ్లి చేసుకున్నాడని ఆ మరుసటి ఏడు తెలిసింది. గద్వాల అవతలి పిల్ల, పేరు జములమ్మ. వాళ్లు అమ్మవారిని కొలిచేవాళ్లు, ఆ తల్లి పేరే పెట్టుకున్నారు. సత్తెమ్మ ఈ కబురు చెప్పి ఏసమ్మ ముఖం చూసింది. ఏసమ్మ చింతపండు గింజలు తీస్తోంది, తీస్తూనే ఉంది.

తర్వాతి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, యోనా గడప ముందు నిలబడ్డాడు. వెనకాల మూట పట్టుకుని ఒక పిల్ల. నిండు కడుపు. యోనా తల ఎత్తడం లేదు.

"అత్తా, నీ దగ్గరికి వచ్చే మొఖం నాకు లేదు. దీనికి తల్లి లేదు, చిన్నప్పుడే సచ్చిపోయింది. తీస్కపోయేటందుకు పుట్టింటోళ్లు ఎవరు లేరు. మా అమ్మకు కండ్లు కానొస్తలేవు. మొన్నటి నుంచి ఇది ఒకటే ఏడుస్తుంది. మార్తమ్మ లెక్కనే తను సుత సస్త అంటుంది. నాకు ఎటు పోవాల్నో తెల్వక వచ్చిన. పొమ్మంటే పోత."

ఏసమ్మ ముందు చూసింది ఆ పిల్ల కడుపును. తర్వాతే ముఖాన్ని. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఎండకు పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎన్నో నెల?" అని అడిగింది.

"తొమ్మిది పడ్డది" అంది జములమ్మ.

"లోపలికి రా. ఎండల నిలవడకు."

యోనా ఆ సాయంత్రమే పెబ్బేరు పోయాడు, సంత పని ఉందని. రాత్రి పడుకునేటప్పుడు ఏసమ్మ దండెం మీద ఉన్న బొంత తీసి పిల్లకు పరిచింది. మార్తమ్మ కోసం కుట్టింది అదే. ఇంట్లో ఇంకో బొంత లేదు. మరునాడు నీళ్ల దగ్గర సత్తెమ్మ పట్టుకుంది.

"ఎట్ల రానిచ్చినవే? నీ బిడ్డ జాగల వచ్చింది గద అది. చూస్తే కడుపు మండుతలేదా?"

"మండుతలేదు."

"మరి పాపమనిపించిందా?"

"ఏం అనిపియ్యలేదు అక్కా. వచ్చింది. ఎండలున్నది. రమ్మన్న."

జములమ్మ భయస్థురాలు. మాటల్లో గద్వాల అవతలి యాస. నొప్పి పుట్టినా, భయమేసినా "యవ్వా" అనేది. రోజూ ఏసమ్మ వెనకే తిరిగేది. ఒకరోజు తల దువ్వించుకుంటూ, "అందరు జెప్తరు నీ చేతికి అన్నీ తెలుస్తయని. జర నా కడుపు చూడరాదు, సరిగున్నదో లేదో" అని అడిగింది. ఏసమ్మ చాలాసేపు దువ్వుతూనే ఉంది. అంతకుముందు ఆమె మనిషి కడుపు మీద చెయ్యి వేసింది ఒక్కసారే. కూతురిది. దువ్వెన పక్కన పెట్టింది. చెయ్యి వేసింది.

గుండ్రటి తల పైన, రొమ్ముల కింద తగిలింది. కాళ్లు కిందికి ఉన్నాయి. తల కిందికి ఉండాలి. కాసేపటికి లోపలి బిడ్డ ఆమె అరచేతిని తన్నింది. ఏసమ్మ చెయ్యి తీసేసింది.

"బతికే ఉన్నది. తల మీదికున్నది. గిసుంటి కాన్పు ఇంట్ల వద్దు. బుధవారం వనపర్తి దవాఖానకు పోదాం" అంది.

బుధవారం దాకా బిడ్డ ఆగలేదు. మంగళవారం అన్నం తినే వేళ జములమ్మ లేవబోయి అక్కడే నిలబడిపోయింది. కాళ్ల వెంట ఉమ్మనీరు. ఏసమ్మ చాప మీద పడుకోబెట్టి చూసింది. కొంతసేపటికి చిన్న పాదం ఒకటి కనిపించింది, బొటనవేలితో సహా.

సత్తెమ్మ గడప దగ్గర నోరు నొక్కుకుంది. "నీ చెయ్యి పెట్టు ఏసమ్మా. బర్రెలకు ఎన్నిటికి చెయ్యలేదు. తియ్యి."

ఏసమ్మ తన చెయ్యి వైపు చూసుకుంది. బర్రెకు ఉన్నంత చోటు మనిషికి ఉండదు. లాగితే తల ఇరుక్కుంటుంది. "నేను పెట్టను" అంది. "నువ్వు ఉరుకు. వెంకటయ్యకు జెప్పు, ట్రాక్టరు కావాలె అని. డబ్బాల గడ్డి ఎయ్యమను."

జములమ్మను బోర్లా తిప్పి, మోకాళ్ల మీద, మోచేతుల మీద నిలబెట్టింది. తల కిందికి, నడుము పైకి. ఈనే బర్రెలో దూడ కాలు అడ్డం వస్తే ఆమె ఎప్పుడూ చేసే పని అదే. వెనకభాగం ఎత్తు మీద ఉండేటట్టు నిలబెడితే దూడ బరువు లోపలికి జారి కొంచెం చోటు దొరుకుతుంది. మనిషికైనా బరువు బరువే అనుకుంది.

వెంకటయ్య తనే ట్రాక్టరు తోలుకుని వచ్చాడు. వెనక తగిలించిన డబ్బాలో గడ్డి, దాని మీద హన్మమ్మ వేసిన గొంగళి. వాడలోకి ఆ ట్రాక్టరు రావడం అదే మొదలు. దారి పొడుగునా ఏసమ్మ మోకాళ్ల మీద కూర్చుని జములమ్మ నడుమును రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా తన ఒళ్లు అడ్డం పెట్టింది.

"యవ్వా, ముక్కబుద్ధయితుంది."

"ముక్కకు. నోరు తెరిచి కుక్క రొప్పినట్టు రొప్పు. నన్ను చూడకు, గడ్డిని చూడు."

"సస్తనా నేను?"

"తెల్వదు. రొప్పు."

ఊరడించే మాట చెప్పాలని ఆమెకు తోచలేదు. ఆ పిల్ల మాత్రం ఆ మాట విని రొప్పింది. వనపర్తి ఊరి మొదలు కనిపించేదాకా రొప్పుతూనే ఉంది.

దవాఖానలో స్ట్రెచర్ మీద కూడా అట్లాగే బోర్లా తీసుకుపోయారు. డాక్టరమ్మ చూసి వెంటనే ఆపరేషను అంది. లోపలికి తీసుకుపోతూ నర్సు వెనక్కి తిరిగి, "నువ్వేమయితవమ్మా ఈమెకు?" అని అడిగింది. ఏమవుతుంది? చచ్చిపోయిన కూతురి మొగుడికి పెళ్లాం. దానికి పేరు ఏమీ లేదు. నర్సు తొందర పడుతోంది.

"తల్లిని" అంది ఏసమ్మ.

అని, తను ఏమందో విని, ఏమన్నా అనిపిస్తుందేమో అని నిలబడింది. తలుపు మూసుకుంది. పోయి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు రెండూ మోచేతుల దాకా లాగుతున్నాయి. వెంకటయ్య చాయ తెచ్చి ఇచ్చాడు. తాగింది. వేడిగా ఉంది, అంతే తెలిసింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. యోనా మరునాడు వచ్చి, బిడ్డను చూసి, ఏసమ్మ కాళ్ల మీద పడబోతే ఆమె పక్కకు జరిగింది.

"అత్తా, దీనికి మార్తమ్మ అని పెడ్త" అన్నాడు.

"వద్దు."

"నీ పేరన్నా..."

"ఆ పేరు ఆ పిల్లది. సచ్చిపోయినంత మాత్రాన ఇంకొకరిది కాదు. దీనికి దీని పేరు పెట్టు."

జములమ్మ మంచం మీద నుంచి ఆమె వైపే చూస్తోంది. చెంపదెబ్బ తిన్నట్టు చూసింది మొదట. తర్వాత తల ఊపింది. కొన్నాళ్లకు దేవసహాయం ఆ బిడ్డకు రూతమ్మ అని పేరు పెట్టాడు. నెల రోజులు బాలింతను ఏసమ్మే చూసుకుంది. నీళ్లు పోసింది, కారం పెట్టింది. బిడ్డను కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించింది. వాడ ఆడవాళ్లు వచ్చి, "ఇప్పుడు నీ మనసు కుదుటపడ్డదా?" అని అడిగేవాళ్లు. పడిందో లేదో ఆమెకు తెలిసేది కాదు. బిడ్డ ఏడిస్తే లేచేది. తల్లీ బిడ్డా వెళ్లిపోయిన రోజు బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడింది, తర్వాత ఇంటికి వచ్చి పెరట్లో ఆరిన బట్టలు తీసింది. బొంత మాత్రం జములమ్మ మూటలో పోయింది. తీసుకుపోనా అని అడిగితే ఏసమ్మే తీసుకుపొమ్మంది.

తొంభైలు వచ్చాయి. దేవసహాయానికి నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. పోయే ముందు ఇంటికి వచ్చి, "నీ పేరు జెప్పి ప్రార్థన చేస్తనే ఉన్న" అన్నాడు. "చెయ్యి అయ్యా" అంది ఏసమ్మ. గోపాల్‌పేటలో పశువుల డాక్టరు దొరకడం మొదలైనా, తొందరైతే జనం ఇంకా వాడకే వచ్చేవాళ్లు. అయితే చెయ్యి మునుపటిలా లేదు. కణుపులు వాచి, బొటనవేలు మడవడం కష్టమైంది.

ఒక చలికాలం వెంకటయ్య దొడ్లో మళ్లీ అట్లాగే, దూడ తల వెనక్కి వాలిన బర్రె ఒకటి. ఏసమ్మ చెయ్యి పెట్టి, పోక, తీసేసింది. దొడ్లో చుట్టూ చూసింది. హన్మమ్మ చెయ్యి కనిపించింది. సన్నటి చెయ్యే.

"అమ్మా, గాజులు తియ్యి. ఆముదం రాసుకో" అంది.

"నేనా? నాకేం తెలుసు?"

"నేను జెప్త."

హన్మమ్మ అత్త వాకిట్లో నుంచి ఏదో గొణిగింది. వాడ మనిషి చెయ్యి తమ కోడలి చెయ్యిని పట్టుకోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. వెంకటయ్య విననట్టు బర్రె తల పట్టుకున్నాడు. ఏసమ్మ హన్మమ్మ చేతిని తీసుకుని వేళ్లు దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి, దారి చూపించింది.

"ఏం తగిలింది?"

"మెత్తగుంది. తెల్వదు."

"కండ్లు మూసుకో. చెయ్యితోనే చూడు. పండ్లు తగిలినయా?"

"ఆ, తగిలినయి. చిన్నయి."

"అది నోరు. దాని కింద వేలు పెట్టు. బర్రె ముక్కినప్పుడు ఆగు, ముక్కనప్పుడు తిప్పు. తొందరేం లేదు."

పొద్దు వాలే వేళకు దుడ్డె పడింది. హన్మమ్మ నడుము దాకా తడిసిపోయి, నవ్వుతూ ఏడుస్తూ, తన చెయ్యిని తనే తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఏసమ్మ గడ్డి చుట్టతో దుడ్డె ముక్కు తుడిచి, తల్లి ముందుకు జరిపింది.

"మాయ పడేదాకా ఈడనే ఉండు" అని హన్మమ్మకు చెప్పింది. "లాగొద్దు, దానంతట అదే పడ్తది. పెద్దచెరువు కింద కుర్మోళ్ల గొర్రె ఒకటి ఈనేటందుకు దగ్గరికొచ్చింది. రేపు పిలుస్తరేమో. పిలిస్తే నువ్వు సుత రా."

"వస్త" అంది హన్మమ్మ.

ఏసమ్మ కొంగు దులుపుకుని ఇంటి దారి పట్టింది.